ఎన్ని లెక్కలు చూపించినా నాన్నగారి ఓటు ఎందుకు మారదు?

మీరు అడిగింది ఇది. మీ నాన్నగారూ బాబాయిగారూ బాగా చదువుకున్నవాళ్ళు. ఏ విషయమైనా నలుగురిని అడిగి, ఆరా తీసి, అప్పుడు నిర్ణయం తీసుకునే మనుషులు. ఓటు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకే పార్టీ. అభ్యర్థి పేరు కూడా పట్టించుకోరు. మీరు గణాంకాలు చూపించారు, నెరవేరని హామీల చిట్టా చదివి వినిపించారు, చివరికి మిగిలింది గొడవే. ఇది అలవాటా, మూఢత్వమా, మార్చే దారి ఏమైనా ఉందా అని మీ ప్రశ్న.

నేను చాలాకాలం రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పాను. ఓటర్ల సర్వేల కోసం ఇళ్ళకు వెళ్ళి, గుమ్మంలో నిలబడి ప్రశ్నలు అడిగాను కూడా. నాకు తేలిన సంగతి ముందే చెప్పేస్తాను. మనిషికి ముందు అభిప్రాయాలుంటాయి, వాటికి దగ్గరగా ఉన్న పార్టీని ఎంచుకుంటాడు, దానికి ఓటేస్తాడు అని మనం అనుకుంటాం. ఎక్కువమంది విషయంలో ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. ముందు తన మనుషులెవరో తేలుతుంది. వాళ్ళ పార్టీ తన పార్టీ అవుతుంది. అభిప్రాయాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. మీరు గణాంకాలతో తలపడుతున్నది ఈ చివర వచ్చి చేరిన అభిప్రాయాలతో. ఓటుకు ఆధారం అక్కడ లేదు కాబట్టి అది కదలడం లేదు.

ఇది ఈ మధ్య పుట్టిన జబ్బు కాదు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నిక జరుగుతున్నప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు దాకా నెలనెలా వాళ్ళనే కలిసి మాట్లాడారు. ప్రచారం ఓటరు మనసును ఎలా మారుస్తుందో కళ్ళారా చూడాలన్నది వాళ్ళ ఉద్దేశం. తీరా చూస్తే సగం మంది మే నెలకే నిర్ణయించుకుని ఉన్నారు, చివరిదాకా అదే మాట మీద నిలబడ్డారు. ఒక పక్షం నుంచి పూర్తిగా రెండో పక్షానికి మారినవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా లేరు. రేడియో, పత్రికలు, సభలు చేసిన పనల్లా ఉన్న అభిమానాన్ని గట్టిపరచడం, నిద్రపోతున్నదాన్ని లేపడం. ఆ తర్వాత 1950లలో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దేశవ్యాప్త సర్వేల్లో ఒక చిన్న ప్రశ్న చేర్చారు. మీరు ఎవరికి ఓటేస్తారు అని కాకుండా, మిమ్మల్ని మీరు ఏ పార్టీ మనిషిగా అనుకుంటారు అని అడిగారు. సంవత్సరాలు గడుస్తున్నా జనం ఆ ప్రశ్నకు చెప్పే జవాబు మారడం చాలా అరుదు. అభ్యర్థులు మారారు, సమస్యలు మారాయి, మనుషులు తమను తాము పిలుచుకునే పేరు మాత్రం ఉండిపోయింది.

ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి జవాబు ఇల్లే. 1965లో కెంట్ జెన్నింగ్స్, రిచర్డ్ నీమీ అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న పిల్లలనూ, వాళ్ళ తల్లిదండ్రులనూ విడివిడిగా ప్రశ్నించారు. ఆ పిల్లలను ఆ తర్వాత దశాబ్దాలపాటు మళ్ళీ మళ్ళీ కలిశారు. ఫలానా చట్టం మంచిదా చెడ్డదా లాంటి విషయాల్లో తల్లిదండ్రులకూ పిల్లలకూ పోలిక అంతంతమాత్రమే. పార్టీ విషయంలో పోలిక బాగా కనిపించింది. అంటే ఇంట్లో పిల్లలకు అందేది వాదనలు కావు, పక్షం. తల్లీ తండ్రీ ఇద్దరిదీ ఒకే పార్టీ అయితే, ఇంట్లో రాజకీయం తరచుగా మాట్లాడుకుంటూ ఉంటే, ఆ వారసత్వం ఇంకా బలంగా అందుతుంది. మీ తాతగారి పార్టీ ఏదో కనుక్కోండి. మీ నాన్నగారూ బాబాయిగారూ ఒకే పార్టీ అని మీరు రాశారు కాబట్టి జవాబు నేను ఊహించగలను.

దీనికి ఒక ఆసక్తికరమైన మెలిక ఉంది, మీకు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో రాజకీయం బాగా మాట్లాడుకునే కుటుంబాల పిల్లలు చిన్నతనంలో తల్లిదండ్రుల పార్టీని గట్టిగా పట్టుకుంటారు. కానీ పెద్దయ్యాక ఆ పార్టీని వదిలేసేవాళ్ళలో కూడా వాళ్ళే ఎక్కువ. ఎలియాస్ దినాస్ అనే పరిశోధకుడు ఇదే పాత సర్వేల సమాచారంతో దీన్ని చూపించాడు. రాజకీయం మీద ఆసక్తి పుట్టినవాడు బయట కూడా రాజకీయం మాట్లాడతాడు, కొత్త మాటలు వింటాడు, కొత్త మనుషులు తగులుతారు. మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారంటే మీ ఇంట్లోనూ అదే జరిగి ఉండొచ్చు.

ఈ వారసత్వం ఎంతదూరం పోగలదో చూడాలంటే ఐర్లండ్‌ను చూడండి. బ్రిటన్‌తో 1921 డిసెంబరులో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్న గొడవతో 1922లో అంతర్యుద్ధం మొదలై మరుసటి ఏడాది ముగిసింది. ఒప్పుకున్నవాళ్ళ వారసత్వం ఫీన గేల్ పార్టీగా, ఒప్పుకోనివాళ్ళది ఫియన్న ఫాల్ పార్టీగా స్థిరపడింది. ఆర్థిక విధానాల్లో రెండింటికీ పెద్ద తేడా లేకపోయినా, ముత్తాత ఏ వైపు తుపాకీ పట్టాడన్నదాన్ని బట్టి కుటుంబాలు తరతరాలుగా ఓటేశాయి. ఆ రెండు పార్టీలూ కలిసి ఒకే ప్రభుత్వంలో కూర్చోవడానికి 2020 దాకా పట్టింది. ఉరుగ్వే కథ ఇంకా పాతది. 1836లో జరిగిన యుద్ధంలో రెండు పక్షాల సైనికులు ఒకరినొకరు గుర్తుపట్టడానికి రంగు పట్టీలు కట్టుకున్నారు. ఆ రంగుల నుంచే తెల్లపార్టీ, ఎర్రపార్టీ పుట్టాయి. 2004 ఎన్నికలో వామపక్ష కూటమి గెలిచేదాకా ఆ దేశ రాజకీయం దాదాపుగా ఆ రెండు రంగుల మధ్యే నడిచింది. మొదటి కారణం చచ్చిపోయాక కూడా పక్షం బతికే ఉంటుంది, ఎందుకంటే ఆ కారణాన్ని గుర్తుపెట్టుకోవడం మానేసినా ఆ మనుషులతో చుట్టరికం, స్నేహం, పాత కక్ష మిగిలే ఉంటాయి.

ఇక మీరు వాడిన మూఢత్వం అన్న మాట. దాన్ని వదిలేయమని గట్టిగా కోరుతున్నాను. పార్టీని చూసి ఓటేయడంలో మీరు గమనించని తెలివి చాలా ఉంది.

ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1957లో ఒక సీదా వాదన చేశాడు. లక్షల ఓట్లలో నా ఒక్క ఓటు ఫలితాన్ని తిప్పే అవకాశం దాదాపు సున్నా. అలాంటప్పుడు ప్రతి అభ్యర్థి చరిత్రా, ప్రతి విధానం మంచిచెడ్డలూ చదవడానికి వారాలు వెచ్చించడం వల్ల నాకు వచ్చే లాభం ఏమిటి? ఉద్యోగం, పిల్లలు, అనారోగ్యాలు అన్నీ ఉన్న మనిషి తక్కువ శ్రమతో ఎక్కువ చెప్పే గుర్తు కోసం చూస్తాడు. పార్టీ పేరు అలాంటి గుర్తు. ఎవరి ప్రయోజనాలు ముందు చూస్తారు, ఎవరిని వెనక్కి నెడతారు అన్న విషయం అభ్యర్థి ఫొటో కన్నా, ఇచ్చే హామీల కన్నా పార్టీ పేరే నమ్మకంగా చెబుతుంది.

అభ్యర్థిని చూడరు అన్నారు కదా. పార్లమెంటరీ విధానం ఉన్న దేశాల్లో గెలిచిన సభ్యుడు సభలో తన ఇష్టం వచ్చినట్టు ఓటేయలేడు, విప్, అంటే పార్టీ ఆదేశం, జారీ అయితే పార్టీ చెప్పినట్టు వేయాలి. మన దేశంలో 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. అభ్యర్థి ఎంత మంచివాడైనా బిల్లు మీద చెయ్యెత్తేది పార్టీ కోసమే. అలాంటప్పుడు పార్టీని చూసి ఓటేసేవాడు, మనిషిని చూసి వేస్తున్నానని చెప్పుకునేవాడి కన్నా వ్యవస్థను బాగా అర్థం చేసుకున్నాడనే నేను అంటాను. అభ్యర్థి మీద నేరారోపణలున్నా కళ్ళు మూసుకోవడం వేరే సంగతి, దాన్ని నేను సమర్థించను.

పార్టీ పేరును ఓటరు ముందు నుంచి తీసేస్తే మంచి అభ్యర్థులు గెలుస్తారా? ఆస్ట్రేలియాలో 1937 సెనేట్ ఎన్నికలప్పుడు బ్యాలెట్ పత్రం మీద పార్టీ పేర్లు ఉండేవి కావు. ఇంటిపేర్ల అక్షరక్రమాన్ని బట్టి జట్లను వరుసగా అచ్చువేసేవారు. న్యూ సౌత్ వేల్స్‌లో లేబర్ పార్టీ ఏమూర్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆర్థర్, ఆష్లే అనే నలుగురిని నిలబెట్టింది. నలుగురి ఇంటిపేర్లూ ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి అక్షరంతో మొదలయ్యేవే. నలుగురూ గెలిచారు. ఆ తర్వాత జట్ల వరుసను చీటీలు తీసి నిర్ణయించే పద్ధతి తెచ్చారు. పార్టీ గుర్తు కనపడనప్పుడు ఓటరు కూర్చుని పరిశోధన చేస్తాడనుకోవడం మన ఆశ మాత్రమే. అప్పుడు పేరు ఎక్కడుంది, ఇంటిపేరు ఏ కులాన్నో ప్రాంతాన్నో సూచిస్తోందా, ఇప్పటికే పదవిలో ఉన్నవాడా అన్నవాటి మీద ఆధారపడతాడు. వాటికన్నా పార్టీ పేరు ఎంతో మెరుగైన సమాచారం.

రాజనీతిశాస్త్రవేత్త మోరిస్ ఫియోరినా 1981లో ఇంకో మాట అన్నాడు. పార్టీ అభిమానం అనేది మనిషి మనసులో నడుపుకునే జమాఖర్చుల ఖాతా. చిన్నప్పుడు ఇంట్లో ఇచ్చిన నిల్వతో ఖాతా తెరుచుకుంటుంది, ఆ తర్వాత పార్టీ చేసిన మంచి జమ అవుతుంది, చెడు ఖర్చవుతుంది. ముప్పయి నలభై ఏళ్ళ జమ ఉన్న ఖాతా ఒక్క కుంభకోణంతో ఖాళీ కాదు. మీరు మొన్నటి ఒక్క తప్పును చూపిస్తున్నారు, మీ నాన్నగారు మాత్రం ఖాతా మొత్తాన్ని చూస్తున్నారు. ఆ నిల్వలో భూమి పట్టా ఉండొచ్చు, కష్టకాలంలో ఇంటికి వచ్చిన కార్యకర్త ఉండొచ్చు, మొదటిసారి తమలాంటివాళ్ళకు కుర్చీ వేసి కూర్చోబెట్టిన నాయకుడు ఉండొచ్చు. అవి మీకు తెలియకపోతే ఆయన ఓటుకు కారణం లేదని మీకు అనిపిస్తుంది.

ఇక్కడిదాకా విధేయతకు అనుకూలంగా మాట్లాడాను. నన్ను నిజంగా కలవరపెట్టే వైపు కూడా ఉంది, ఎక్కువసేపు దాని గురించే చెప్పాలి.

ఖాతా అన్న పోలిక నిజం కావాలంటే జమాఖర్చులు నిజాయితీగా రాయాలి. అక్కడే తేడా వస్తోంది. అమెరికాలో ద్రవ్యోల్బణం 1980లో 13.5 శాతం. రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు రీగన్ పాలన ఎనిమిదేళ్ళు గడిచాక 1988 నాటికి 4 శాతం దరిదాపులకు దిగింది. ఆ ఏడాది సర్వేలో, రీగన్ హయాంలో ధరల పెరుగుదల తగ్గిందా పెరిగిందా అని అడిగితే, ఎదుటి పార్టీ అయిన డెమొక్రాట్లలో గట్టి అభిమానుల్లో సగానికి పైగా ఎక్కువైందనే చెప్పారు. ఇది ఒక పార్టీవాళ్ళ జబ్బు అనుకోకండి. 1996లో డెమొక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ హయాంలో బడ్జెట్ లోటు సగానికి పైగా తగ్గిపోయి ఉండగా, రిపబ్లికన్లలో ఎక్కువమంది లోటు పెరిగిందన్నారు. లారీ బార్టెల్స్ ఈ సంగతులను విడమరిచి చూపించాడు. ధర అనేది ప్రతివాడి చేతికీ తగిలే విషయం. దాన్ని కూడా పార్టీ కళ్ళద్దాల్లోంచి చూస్తే ఇక మిగతావాటి సంగతి చెప్పేదేముంది.

జెఫ్రీ కోహెన్ 2003లో ప్రచురించిన ప్రయోగాలు ఇంకా కలవరపెడతాయి. పేదలకు సాయం చేసే పథకాలు రెండు తయారు చేశాడు, ఒకటి బాగా ఉదారమైనది, ఇంకొకటి బాగా బిగించినది. పార్టీ పేరు చెప్పకుండా చదివిస్తే ఉదారవాద విద్యార్థులు ఉదారమైనదాన్నీ, సంప్రదాయవాద విద్యార్థులు బిగించినదాన్నీ ఇష్టపడ్డారు. మీ పార్టీ దీన్ని సమర్థిస్తోంది అని ఒక్క వాక్యం చేర్చగానే పథకంలో ఏముందన్నది దాదాపుగా లెక్కలోకి రాకుండా పోయింది. తమ పార్టీ మెచ్చినదే మంచిదైంది. అసలైన సంగతి ఆ తర్వాత వస్తుంది. మీ అభిప్రాయం దేన్నిబట్టి ఏర్పడింది అని అడిగితే, పథకంలోని వివరాలను బట్టే అన్నారు. ఎదుటి పక్షం వాళ్ళు మాత్రం పార్టీ మాట విని నిర్ణయించుకుంటారని అన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు, నిజంగానే అలా నమ్మారు. మీ నాన్నగారు తాను బాగా ఆలోచించే ఓటేస్తున్నానని చెబితే ఆయన కూడా అబద్ధమాడడం లేదు. మనవాళ్ళ మాట మనకు మన సొంత ఆలోచనగానే వినపడుతుంది.

మనుషులు పక్షం కట్టడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. 1970 ప్రాంతంలో హెన్రీ తజ్‌ఫెల్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పద్నాలుగు పదిహేనేళ్ళ అబ్బాయిలను, ఫలానా చిత్రకారుడి బొమ్మలు ఇష్టపడ్డారని చెప్పి రెండు గుంపులుగా చేశాడు. నిజానికి గుంపులు ఏ ఆధారమూ లేకుండా చేసినవే. తమ గుంపులో ఎవరున్నారో కూడా వాళ్ళకు తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ గుంపువాడికి ఎక్కువ పంచారు. తమవాడికి మొత్తంగా కాస్త తక్కువ వచ్చినా సరే, ఎదుటి గుంపు కన్నా తేడా ఎక్కువ ఉండేలా పంచినవాళ్ళూ ఉన్నారు. ఏ అర్థమూ లేని పేరుకే ఇంత పట్టు ఉంటే, తాత నుంచి వచ్చిన పేరుకు, కులమో మతమో ప్రాంతమో వృత్తో తోడైన పేరుకు ఎంత ఉండాలి? ఇవన్నీ ఒకే వైపుకు లాగుతున్న మనిషిని కదిలించడం బహుకష్టం. ఒకటి ఇటు, ఒకటి అటు లాగుతున్న మనిషి ఆలస్యంగా నిర్ణయించుకుంటాడు, కొన్నిసార్లు ఓటుకే దూరమవుతాడు. ఈరీ కౌంటీలో కూడా అదే కనిపించింది.

అభిమానం కన్నా ద్వేషం ఓటును పట్టి ఉంచే రోజులు కూడా వచ్చాయి. పిల్లలు ఎదుటి పార్టీవాళ్ళను పెళ్ళి చేసుకుంటే మీకు బాధగా ఉంటుందా అని 1960లో అమెరికాలో అడిగితే అవునన్నవాళ్ళు నూటికి ఐదుగురు. 2010లో దాదాపు అదే ప్రశ్న అడిగితే రిపబ్లికన్లలో సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు అవునన్నారు. తన పార్టీ మీద మోజు పోయినా, ఎదుటివాడు గెలవకూడదన్న పట్టుదల మనిషిని పాత చోటే నిలబెట్టేస్తుంది. వాదనలో మీరు ఆయన పార్టీని తిట్టినప్పుడల్లా మీరు ఎదుటి పార్టీ మనిషిగా మారుతున్నారు, ఆ పట్టుదలకు మీరే బలం ఇస్తున్నారు.

అలవాటు అన్నారు కదా, దాని గురించి కూడా రెండు సంగతులు చెప్పాలి. ఓటు వేయడానికి వెళ్ళడం అన్నది అక్షరాలా అలవాటే. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో సుమారు 25,000 మంది ఓటర్ల మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరిని ఇంటికి వెళ్ళి, కొందరికి ఉత్తరాలు రాసి ఓటేయమని ప్రోత్సహించారు, మిగతావాళ్ళను వదిలేశారు. ఆ ప్రోత్సాహంతో అప్పుడు ఓటేసినవాళ్ళు 1999 స్థానిక ఎన్నికలో ఎవరూ అడగకుండానే మళ్ళీ వెళ్ళే అవకాశం పెరిగింది. రెండోది ఇంకా లోతైనది. ఒక అధ్యక్ష ఎన్నిక నాటికి అప్పుడే 18 ఏళ్ళు నిండిన యువకులనూ, కొద్దిలో ఆ అవకాశం తప్పిపోయినవాళ్ళనూ రెండేళ్ళ తర్వాత పోల్చి చూశారు. ఓటు వేసే అర్హత దొరికినవాళ్ళలో ఆ అధ్యక్షుడి మీద ఇష్టం, అయిష్టం రెండూ మరింత ముదిరి కనిపించాయి. వయసులో పెద్ద తేడా లేదు, తేడా అల్లా ఓటు వేసే అవకాశమే. అంటే అభిమానం ఉండి ఓటేస్తాం, ఓటేశాక ఆ ఓటును నిలబెట్టుకోవడానికి అభిమానం ఇంకా పెంచుకుంటాం. ఒకే గుర్తుకు పదిసార్లు ఓటేసిన మనిషిని అది తప్పని ఒప్పుకోమంటే, పది నిర్ణయాలనూ ఒకేసారి తప్పని ఒప్పుకోమన్నట్టే.

అన్నిటినీ మనసు మీదకు నెట్టడం కూడా న్యాయం కాదు. పింఛను, ఇల్లు, పని, ఆసుపత్రి సిఫారసు ఇవన్నీ పార్టీ మనుషుల చేతుల మీదుగా నడిచే చోట, విధేయత అంటే భద్రత. అక్కడ పార్టీ మారడం అంటే రేపు అవసరానికి తలుపు తట్టగలిగే మనిషిని పోగొట్టుకోవడం. బూత్ వారీగా లెక్కలు బయటపడే చోట రహస్య ఓటు మీద నమ్మకం కూడా అంతంతమాత్రమే. ఇలాంటి ఓటరుకు ఉపదేశం ఇచ్చే హక్కు మనకు లేదు.

మరి విధేయత ఎప్పుడూ విరగదా? విరుగుతుంది, కొన్నిసార్లు ఫెళ్ళున విరుగుతుంది. 1971లో 352 లోక్‌సభ స్థానాలు గెలిచిన కాంగ్రెస్ ఎమర్జెన్సీ తర్వాత 1977లో 154కు పడిపోయింది. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలుంటే ఒక్కటి కూడా రాలేదు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని 42లో 41 స్థానాలు కాంగ్రెస్సే గెలిచింది. పార్టీ ఒకటే, నాయకురాలు ఒకరే. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ ఎక్కువగా తగిలింది ఉత్తరాదికి. దూరంగా జరిగిన తప్పును అభిమానం క్షమించేసింది, తన ఒంటికీ తన పక్కింటివాడి ఒంటికీ తగిలిన దెబ్బను క్షమించలేదు. అయినా మూడేళ్ళు తిరక్కుండా 1980లో కాంగ్రెస్ 353 స్థానాలతో తిరిగి వచ్చింది. 1977లో వదిలి వెళ్ళినవాళ్ళలో చాలామంది శిక్ష వేయడానికే వెళ్ళారు, ఇల్లు మారడానికి కాదు.

స్కాట్లండ్‌లో జరిగింది వేరు. 2010లో బ్రిటిష్ పార్లమెంటుకు అక్కడి నుంచి ఎన్నికయ్యే 59 స్థానాల్లో లేబర్ పార్టీకి 41 వచ్చాయి. బ్రిటన్ నుంచి విడిపోవాలా అని 2014లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 2015లో ఒక్కటే మిగిలింది, స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీకి 56 వచ్చాయి. తరాలుగా లేబర్‌కు ఓటేసిన కార్మిక కుటుంబాలను లేబర్ విధానాలు తప్పు అని ఎవరూ ఒప్పించలేదు. నువ్వెవరు అన్న ప్రశ్నే మారిపోయింది. కార్మికుడివా కాదా అన్నది వెనక్కి పోయి, స్కాటిష్ మనిషివా బ్రిటిష్ మనిషివా అన్నది ముందుకు వచ్చింది. మనవాళ్ళెవరో మారితే ఓటు దానంతట అదే మారుతుంది. అలా ఒకసారి వదులైన ముడి మళ్ళీ మునుపటంత బిగియదు. 2024లో లేబర్‌కు అక్కడ 37 వచ్చాయి, నేషనల్ పార్టీ 9కి దిగింది.

అమెరికా దక్షిణాది తెల్లవాళ్ళ కథ అన్నిటికన్నా నెమ్మదైనది. రిపబ్లికన్ల మీద అంతర్యుద్ధం నాటి కోపంతో తరతరాలుగా డెమొక్రాట్లుగా ఉన్నవాళ్ళకు, తమ పార్టీ అధ్యక్షుడే తెచ్చిన, నల్లవాళ్ళ పట్ల వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టంతో తమ పార్టీతోనే తేడా వచ్చింది. అధ్యక్ష ఎన్నికల్లో త్వరగానే రిపబ్లికన్ల వైపు వెళ్ళారు, 1972లో నిక్సన్ దక్షిణాది అంతా గెలిచాడు. కానీ ఊళ్ళో పాత సభ్యుడికీ, పాత గుర్తుకూ ఓటేస్తూనే ఉన్నారు. దక్షిణాది ప్రతినిధుల సభ స్థానాల్లో రిపబ్లికన్లకు మెజారిటీ వచ్చింది 1994లో, అంటే ముప్పయ్యేళ్ళకు. ఈలోగా చాలామంది పెద్దవాళ్ళు తమ పేరు మార్చుకోకుండానే పోయారు, వాళ్ళ పిల్లలు మార్చుకున్నారు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఎన్నికల వేడిలో వాదించడం పూర్తిగా మానేయండి. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 49 క్షేత్ర ప్రయోగాల ఫలితాలను కలిపి చూశారు. పార్టీల మధ్య పోటీ ఉండే సాధారణ ఎన్నికల్లో ఇంటింటి ప్రచారం, ఉత్తరాలు, ఫోన్లు ఎవరికి ఓటేయాలన్న నిర్ణయం మీద చూపే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేల్చారు. డబ్బూ మనుషులూ ఉన్న పార్టీలకే సాధ్యం కానిది, పోలింగుకు పది రోజుల ముందు భోజనాల దగ్గర మీకు సాధ్యం కాదు. ఎన్నికలు లేని కాలంలో, ఒక పార్టీ పేరు ఎత్తకుండా, ఒక్క విషయం గురించి మాట్లాడండి.

ఇంకొకటి. నలుగురి ముందు అడగకండి. పార్టీ అభిమానులు తప్పు జవాబులు చెప్పే సర్వేల్లో, సరైన జవాబుకు డబ్బు ఇస్తామని, తెలియదని ఒప్పుకున్నా కొంత ఇస్తామని చెప్పి చూశారు. రెండు పక్షాల మధ్య తేడాలో చాలా భాగం మాయమైపోయింది. అంటే చాలామందికి లోపల నిజం తెలుసు, లేదా తమకు తెలియదన్న సంగతి తెలుసు. సర్వే చేసేవాడి ముందు తమ పక్షం పరువు నిలబెట్టడానికి అలా చెబుతున్నారు. మీ నాన్నగారు బాబాయిగారి ముందు ఒప్పుకోని మాట మీతో ఒంటరిగా ఉన్నప్పుడు ఒప్పుకోవచ్చు. గుమ్మం దగ్గర సర్వే ప్రశ్నలు అడుగుతున్నప్పుడు నేను చూసింది కూడా అదే. ఇంట్లో మిగతావాళ్ళు లోపలికి వెళ్ళాక జవాబుల స్వరం మారిపోయేది.

ఆయనను మార్చాలన్న ఉద్దేశంతో మొదలుపెట్టకండి, ఆయన ఖాతా చదవాలన్న ఉద్దేశంతో మొదలుపెట్టండి. మొదటి ఓటు ఎప్పుడు వేశారు, అప్పుడు ఆ పార్టీ ఆయనకు ఏమిటి, దాని నుంచి ఏం ఆశించారు అని అడగండి. తర్వాత, ఆ ఆశలో ఇప్పటికి ఎంత తీరిందనుకుంటున్నారో ఆయన్నే చెప్పనివ్వండి. ఎదుటి పార్టీతో పోల్చవద్దు. తన పార్టీని తాను ఒకప్పుడు పెట్టుకున్న ఆశతో పోల్చుకోవడం విశ్వాసఘాతుకంగా అనిపించదు కాబట్టి మనిషి అక్కడ నిజాయితీగా ఉండగలడు. మీరు అభిమానించే పార్టీ చేసిన ఒక తప్పును కూడా మీరు ముందే ఒప్పుకోండి, మాటవరసకు కాదు, నిజంగా బాధపడిన తప్పును. అది లేకుండా ఈ సంభాషణ నడవదు.

మార్పు వస్తే అది మీరు ఎదురుచూసే చోట కనపడకపోవచ్చు. మామూలుగా మనిషి పెద్ద ఎన్నికలో ఒక్కసారిగా గుర్తు మార్చడు. ముందు ఉత్సాహం తగ్గుతుంది, ప్రచారానికి వెళ్ళడం మానేస్తాడు, ఒకసారి ఓటే వేయడు. లేదా పార్టీ పట్టు తక్కువగా ఉండే స్థానిక ఎన్నికలో తెలిసిన మంచి మనిషికి వేస్తాడు. మీ నాన్నగారు ఎప్పుడైనా అలా వేశానని చెబితే, ఎందుకో అడిగి వినండి. పార్టీ మారారన్న మాట మాత్రం మీ నోటి వెంట రానివ్వకండి, అది వింటే ఆయన మరుసటి ఎన్నికలో వెనక్కి వెళ్ళిపోతారు.